ఇల్లు ఖాళీ చేసే మాట కాగితం మీద ఉండాలి

తిరుపతి బైరాగిపట్టెడలో మేం బాడుగకున్న మిద్దె మీది పోర్షన్‌ను ఖాళీ చేయాలనుకున్నప్పుడు మా నాన్న ఓనరమ్మకు గేటు దగ్గరే చెప్పారు. "వచ్చే నెలాఖరుకు ఖాళీ చేస్తామమ్మా, ఎవరన్నా అడిగితే చెప్పుకోండి" అన్నారు. పెద్దావిడ "సరేలే నాయనా" అంది. మేం ఆ మాట మీదే కొత్తింటికి అడ్వాన్సు ఇచ్చేశాం. సామాను టాటా ఏస్‌లోకి ఎక్కించిన రోజు పొద్దున బెంగళూరు నుంచి ఆమె కొడుకు వచ్చాడు. "నెల ముందు చెప్పాలి కదా, మాకెవరూ చెప్పలేదే" అన్నాడు. ఓనరమ్మ తల దించుకుంది, ఏమీ మాట్లాడలేదు. నెల బాడుగ కోసేశారు, పెయింటింగుకని ఇంకో నెలది పట్టుకున్నారు. అమ్మ తులసి కుండీని ఒళ్లో పెట్టుకుని బండి ముందు సీట్లో కూర్చుని ఉంది, నాన్న చేతిలో మిగిలిన డబ్బును రెండుసార్లు లెక్కపెట్టారు. ఆ రోజు ఓనరమ్మ సంతకం ఉన్న చీటీ ముక్క ఒక్కటి మా దగ్గరుంటే సరిపోయేది.

తిరుపతిలో ఇళ్ల ఒప్పందాలు చాలావరకు 11 నెలలవే. ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్ చెబుతుంది కాబట్టి, ఆ ఖర్చూ తిరుగుడూ లేకుండా అందరూ 11 నెలలకు స్థిరపడ్డారు. స్టాంపు పేపరు మీద సంతకాలవుతాయి, అది బీరువాలోకి పోతుంది, గడువు దాటాక దాన్ని ఎవరూ బయటికి తీయరు. కొర్లగుంటలో, ఎమ్మార్‌పల్లిలో ఒకే ఇంట్లో ఏడెనిమిదేళ్లుగా ఉంటున్న కుటుంబాలు నాకు తెలుసు. వాళ్ల కాగితం ఎప్పుడో చెల్లిపోయింది. అయినా వాళ్లను వెళ్లగొట్టడానికి రేపే వచ్చి తాళం వేయొచ్చనుకుంటే పొరపాటు. గడువు తీరాక కూడా ఓనరు బాడుగ పుచ్చుకుంటుంటే, వేరే ఒప్పందమేదీ లేనప్పుడు, నివాస ఇంటి లీజు నెలనెలా కొనసాగుతున్నట్టేనని 116వ సెక్షన్ అంటుంది.

అలా నెలనెలా సాగే బాడుగను ముగించాలంటే ఏం చేయాలో 106వ సెక్షన్‌లో ఉంది. ఓనరైనా, బాడుగకున్నవాళ్లయినా 15 రోజుల నోటీసు ఇవ్వాలి. అది రాతలో ఉండాలి, ఇచ్చేవాళ్ల సంతకం ఉండాలి. పోస్టులో పంపవచ్చు, లేదా చేతికే ఇవ్వవచ్చు. ఆ మనిషి లేకపోతే ఇంట్లోవాళ్లకు ఇవ్వవచ్చు, అదీ కుదరకపోతే ఇంటికి కనబడేచోట అతికించవచ్చు. ఒకప్పుడు ఆ 15 రోజులు బాడుగ నెల చివరి రోజుతో సరిగ్గా ముగియాలనే నిబంధన ఉండేది. ఒక్క రోజు అటూ ఇటూ అయితే నోటీసు చెల్లదని కేసులు పోయేవి. 2002లో చేసిన సవరణతో ఆ బాధ తీరింది. ఇప్పుడు నోటీసు అందిన రోజు నుంచే లెక్క. అందుకే అందిందనడానికి రుజువు దగ్గర పెట్టుకోవాలి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి ఇప్పుడు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవడం మేలు. వాట్సాప్‌లో పెట్టినా సరే, చేతికో కాగితం కూడా ఇవ్వండి.

నా గొడవంతా ఆ 15 రోజుల మీదే. పిల్లల్ని బడిలో వేసిన సంసారం 15 రోజుల్లో ఇంకో ఇల్లు వెతుక్కోగలదా? జ్యేష్ఠం చివర్లో నోటీసు అందితే గడువు ఆషాఢంలో పడుతుంది. ఆషాఢంలో కొత్తింట్లో పాలు పొంగించడానికి మన ఊళ్లో ఎంతమంది ఒప్పుకుంటారు? మూఢం వచ్చిందంటే అదీ అంతే. ఇల్లు ఇచ్చేవాళ్లూ మంచి రోజు చూసే తాళం చేతికిస్తారు. ఈ ఊరి బతుకు పంచాంగాన్ని, బడి క్యాలెండరును పట్టుకుని నడుస్తుంది. 15 రోజులు పెట్టిన చట్టానికి ఆ సంగతి పట్టదు. కానీ ఆ సెక్షన్ మొదట్లోనే ఒక వెసులుబాటు ఉంది: ఇరుపక్షాలూ వేరేగా రాసుకోకపోతేనే 15 రోజులు. రాసుకుంటే నెల పెట్టుకోవచ్చు, రెండు నెలలూ పెట్టుకోవచ్చు. మనం స్టాంపు పేపరు మీద పేర్లు, బాడుగ, అడ్వాన్సు రాయించి, ఈ ఒక్క వాక్యాన్ని టైపింగ్ సెంటరువాళ్ల పాత నమూనాకు వదిలేస్తున్నాం.

ఓనర్ల కష్టమూ చిన్నది కాదు. యూనివర్సిటీ చుట్టుపక్కల పరీక్షలైన మర్నాడే ముగ్గురు కుర్రాళ్లు బ్యాగులు సర్దుకుని పోతే, ఆ బాడుగతోనే మందులు కొనుక్కునే రిటైరైన దంపతులు ఏం కావాలి? నోటీసు వాళ్లకూ రావాల్సిందే. అయితే ఓనర్లు తెలియక చేసే తప్పు ఒకటుంది. నోటీసు ఇస్తారు, గడువు దాటుతుంది, ఒకటో తారీఖున ఫోన్‌పేలో బాడుగ పడితే మాట్లాడకుండా ఉంచేసుకుంటారు. గడువు దాటాక వచ్చిన బాడుగను పుచ్చుకుంటే నోటీసును వదులుకున్నట్టేనని 113వ సెక్షన్ ఉదాహరణతో సహా చెబుతుంది. దానికన్నా పెద్ద తప్పు, మోటరు ఆపడం, కరెంటు తీసేయడం, తాళం మార్చడం. కోర్టు ద్వారా కాకుండా బలవంతంగా ఖాళీ చేయిస్తే, ఆరు నెలల్లోపు దావా వేసి ఇంటిని తిరిగి స్వాధీనం చేసుకునే హక్కును 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ ఇస్తుంది.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం కూడా రాతపూర్వక ఒప్పందాన్నే మొదట అడుగుతుంది. నివాస ఇంటికి అడ్వాన్సు రెండు నెలల బాడుగ దాటకూడదని, గడువు తీరినా ఖాళీ చేయకపోతే మొదటి రెండు నెలలు రెట్టింపు బాడుగ కట్టాలని అందులో ఉంది. నమూనా కాబట్టి రాష్ట్రాలు చట్టం చేసుకుంటేనే అది అమలవుతుంది.

మేం ఇప్పుడున్న పద్మావతీపురం ఇంటి ఒప్పందంలో ఆ వాక్యాన్ని నాన్న దగ్గరుండి రాయించారు: "ఎవరు ఖాళీ కోరినా రెండు నెలల ముందు రాతపూర్వకంగా తెలపాలి, తాళం అప్పగించిన రోజే కరెంటు బిల్లు పోను అడ్వాన్సు తిరిగి ఇవ్వాలి, పెయింటింగుకు ఎంత కోయాలో ఈరోజే నిర్ణయించడమైనది." ఓనరుగారు రెండుసార్లు చదువుకున్నారు. "నాకూ ఇదే మేలు సార్" అని సంతకం పెట్టారు.