తక్కువ జీతమే అనర్హతా?

అధ్యాపక ఖాళీల భర్తీ ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ విశాఖలో చర్చ పోస్టుల సంఖ్య దగ్గరే ఆగిపోతోంది. 1926లో ఆవిర్భవించి, కట్టమంచి రామలింగారెడ్డి, సర్వేపల్లి రాధాకృష్ణన్ వంటివారు ఉపకులపతులుగా తీర్చిదిద్దిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్న ఊరిలో ఆ ఆరా సహజమే. అయితే ఆ ఖాళీల్లో ఎవరు కూర్చోవాలో తేల్చే నిబంధనలను, ముఖ్యంగా అనుభవానికి సంబంధించిన షరతును, పట్టించుకునేవారు లేరు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు పీజీలో 55 శాతం మార్కులు, సాధారణంగా నెట్ (జాతీయ) లేదా సెట్ (రాష్ట్ర) అర్హత పరీక్షలో ఉత్తీర్ణత ఉండాలి. పీహెచ్‌డీని తప్పనిసరి చేస్తామంటూ వాయిదాలు వేసి, చివరకు 2023 జులై 1 నుంచి ఐచ్ఛికం చేశారు. అసోసియేట్ ప్రొఫెసర్‌కు మాత్రం పీహెచ్‌డీ, ఏడు పరిశోధన పత్రాలు, 75 పరిశోధన స్కోరుతోపాటు ఎనిమిదేళ్ల అనుభవం కావాలి. చిక్కంతా ఈ ఎనిమిదేళ్లతోనే.

తాత్కాలిక, ఒప్పంద సర్వీసును, దాన్ని ఏ పేరుతో పిలిచినా, అనుభవంగా లెక్కించడానికి అవే నిబంధనలు మూడు షరతులు పెట్టాయి. నిర్దేశిత విద్యార్హతలు ఉండాలన్నదీ, సక్రమంగా ఏర్పాటైన ఎంపిక కమిటీ ద్వారా చేరి ఉండాలన్నదీ సమంజసమే. రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ నెలవారీ స్థూల వేతనానికి తగ్గకుండా జీతం అందుకొని ఉండాలన్నది మూడోది. రెగ్యులర్ ఉద్యోగి ప్రారంభ మూలవేతనమే 57,700 రూపాయలు, భత్యాలు అదనం. గెస్ట్ ఫ్యాకల్టీకి, అంటే అతిథి అధ్యాపకులకు, ఇదే యూజీసీ 2019లో ఖరారు చేసిన పారితోషికం తరగతికి 1,500 రూపాయలు, నెలకు ఎన్ని తరగతులు చెప్పినా 50,000 దాటరాదు. అంటే ఒక ఉత్తర్వు ఇవ్వవచ్చన్న గరిష్ఠ మొత్తం, మరో ఉత్తర్వు అడుగుతున్న కనీస మొత్తానికి అందదు! నియమాన్ని తు.చ. తప్పక పాటించిన విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పినవారే అనుభవం లేనివారవుతారు.

అనుభవ ధ్రువపత్రంలో బోధించిన సబ్జెక్టులు, దిద్దిన జవాబు పత్రాలు, ప్రయోగశాలలో గడిపిన గంటలు ఎన్ని ఉన్నా పరిశీలకుడి చూపు జీతం గడి మీదే పడుతుంది. తక్కువ ఇచ్చింది యాజమాన్యం, శిక్ష మాత్రం ఆ జీతం అందుకున్నవారికి! డబ్బిచ్చి తెచ్చుకునే దొంగ ధ్రువపత్రాలను అరికట్టడమే ఉద్దేశమైతే ఎంపిక కమిటీ షరతు అందుకు చాలు.

ఈ మూడో షరతును యూజీసీ తొలగించాలి. అంతవరకూ విశ్వవిద్యాలయాలు చేతులు కట్టుకొని కూర్చోనక్కర్లేదు. గెస్ట్ ఫ్యాకల్టీని శాఖాధిపతి పిలుపుతో కాకుండా మొదటి నుంచీ సక్రమ కమిటీ ద్వారానే తీసుకోవాలి. అతిథి సర్వీసు లెక్కలోకి వస్తుందో రాదో నోటిఫికేషన్‌లోనే స్పష్టం చేస్తే, రుసుము కట్టి, పత్రాల కట్టను జెరాక్సులు తీయించి స్పీడ్ పోస్టులో పంపాక పరిశీలనలో తిరస్కరణకు గురయ్యే దుస్థితైనా అభ్యర్థులకు తప్పుతుంది.