ఎక్సైజ్ బాబాయి గంజాయి బిల్లు

మా బాబాయి సర్వీసంతా ఎక్సైజ్ శాఖలో చేశాడు. పాడేరు ఘాట్ రోడ్డు మీద లారీలు ఆపి గంజాయి మూటలు దింపించిన మనిషి. రిటైరయ్యాక న్యూజెర్సీలో కొడుకు దగ్గర స్థిరపడ్డాడు. సిటిజన్‌షిప్ వచ్చింది, అమెరికా ప్రభుత్వం పెద్దవాళ్లకిచ్చే ఆరోగ్య బీమా, మెడికేర్ కార్డు వచ్చింది, వెనకే నడుం నొప్పి కూడా వచ్చింది. మాత్రలేవీ పడకపోయేసరికి 2023లో డాక్టరమ్మ మెడికల్ మారువానాకి, అంటే మందుగా వాడే గంజాయికి, అర్హుడని సర్టిఫికెట్ ఇచ్చింది.

"ఊళ్లో తెలిస్తే పెన్షన్ ఆపేస్తారండీ!" అని పిన్ని ఒకటే టెన్షన్.

అది అమ్మే కొట్టుకి నేనే తీసుకెళ్లాను. లోపల నగల షాపులా దీపాలు, అద్దాల అరలు. బాబాయి ఒక సీసా మూత తీయించి, వాసన చూసి, అలవాటు కొద్దీ "స్టాకు రిజిస్టరేదీ?" అన్నాడు. తర్వాత దర్జాగా మెడికేర్ కార్డు కౌంటర్ మీద పెట్టాడు.

ముక్కుపోగు కుర్రాడు జాలిగా చూసి, "ఇది చెల్లదు సార్. క్యాషో, డెబిట్ కార్డో ఇవ్వండి" అన్నాడు.

"సర్టిఫికెట్ ఇచ్చింది డాక్టరు, అనుమతి ఇచ్చింది ప్రభుత్వం, ఇన్సూరెన్సూ ప్రభుత్వానిదే. ఇంకేం రోగం?"

పక్కకి తీసుకెళ్లి చెప్పాను. న్యూజెర్సీ 2010లోనే దీన్ని వైద్యానికి ఒప్పుకుంది. వాషింగ్టన్‌లోని కేంద్ర ప్రభుత్వం మాత్రం 1970 చట్టంలో హెరాయిన్ సరసన, వైద్యానికి పనికిరాని మత్తుమందుల మొదటి షెడ్యూల్లో కూర్చోబెట్టింది. మెడికేర్ వాషింగ్టన్‌ది.

"అంటే రాష్ట్రం మందంటోంది, కేంద్రం మత్తంటోంది!" ఇలాంటి గొడవలు మనవాళ్లకి చెప్పకుండానే అర్థమవుతాయి.

అక్కడితో ఆగితే పోయేది. గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీనే ల్యాబులో తయారుచేసి డ్రొనాబినాల్ అని గోళీ చేశారనీ, కీమోథెరపీ వాంతులకైతే మెడికేర్‌లో మందుల ఖర్చు చూసే పార్ట్ డీ దానికి డబ్బు కట్టే వీలుందనీ, మందులకి అనుమతిచ్చే కేంద్ర సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని 1985లోనే ఆమోదించిందనీ కూడా చెప్పాను.

బాబాయి ముఖం మాడిపోయింది. మన దేశంలో మత్తుమందుల మీద ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చిందీ 1985లోనే. "మేం దీనికోసం జనాన్ని లోపలేయడం మొదలెట్టిన ఏడాదే వీళ్లు గోళీ చేశారా!"

ఏటీఎంకి ఫీజు కట్టి మరీ డబ్బు తీశాడు. బిల్లులు మాత్రం భద్రంగా దాచి, ట్యాక్స్ ఫైలింగ్ చేసే తెలుగాయన ముందు పెట్టాడు.

"ఇవి వైద్య ఖర్చుల్లో చూపించకూడదండీ. ఇక్కడి పన్ను శాఖ ఐఆర్ఎస్‌దీ ఫెడరల్, అంటే కేంద్ర చట్టమే కదా" అన్నాడాయన.

బాబాయి కాసేపు ఆలోచించాడు.

"పోనీ, సీజ్ చేసిన సరుకు కింద రాయి బాబూ. పంచనామా నేను రాసిస్తాను."