తాళం సరే, బండి ఎవరిది?

బెంగళూరులో ఉద్యోగం చేసే మా అబ్బాయి పోయిన దీపావళికి నాకు పంచె బదులు మోటార్ సైకిల్ జాకెట్టు పంపించాడు. దానితో పాటు ముఖమంతా మూసే హెల్మెట్, పిడికిళ్ళ మీద గట్టి బొడిపెలున్న గ్లౌజులు, మోకాళ్ళకు కట్టుకునే గార్డులు. "రోజూ రేణిగుంట రోడ్డు మీద తిరుగుతావు నాన్నా, లారీలతో జాగ్రత్త" అన్నాడు ఫోనులో. జాకెట్టులో భుజాలకు, మోచేతులకు, వీపుకు మందపాటి మెత్తలు కుట్టి ఉన్నాయి. అన్నీ తగిలించుకుని అద్దం ముందు నిలబడ్డాను. "చంద్రగిరి కోటకు కాపలా వెళ్తున్నారా?" అన్నది మా ఆవిడ.

ధర ఎంతో వాడు చెప్పలేదు కానీ, పెట్టెకు అంటించిన చీటీ పీకడం మరిచిపోయాడు. 16,800 రూపాయలు! పదకొండేళ్ళ నా బండిని అమ్మకానికి పెడితే దానికంటే ఓ రెండు వేలు ఎక్కువ వస్తాయేమో, అదీ కొనేవాడు నడిపి చూడకపోతే.

అంతకు ముందు నాకో పాత హెల్మెట్ ఉండేది. అద్దం నిండా గీతలు, లోపల స్పాంజి ఎలుక కొరికినట్టుండేది. దాన్ని ఎక్కడ వదిలినా ఎవరూ తాకలేదు. ఒకసారి బస్టాండు దగ్గర టీకొట్టులో మరిచిపోతే, ఎవరో పుణ్యాత్ముడు ఆటో ఎక్కి మరీ వెంటపడి చేతికిచ్చి వెళ్ళాడు. కొత్తది వచ్చాక నాకా నిశ్చింత పోయింది. బండి మీద ఉన్నంతసేపూ ఆ సరంజామా నన్ను కాపాడేది. దిగానంటే నేను దాన్ని కాపాడాలి.

మొదట్లో అన్నీ చేత్తోనే మోసేవాణ్ణి. కూరగాయల మార్కెట్టుకు వెళ్తే సంచీ పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేక, అర కిలో వంకాయలు హెల్మెట్లోనే పోయించుకున్నాను. తిరుచానూరులో ఒక పెళ్ళికి జాకెట్టుతో, చంకలో హెల్మెట్‌తో వెళ్తే, గుమ్మంలో పన్నీరు చల్లే అమ్మాయి నా మీద చల్లలేదు. "పార్సిల్ అయితే వెనకవైపు వంటవాళ్ళకు ఇవ్వండి" అన్నది. పెళ్ళికొడుకు నాకు వరసకు మేనల్లుడు.

ఇలా కాదని మా మెకానిక్కును అడిగాను. సీటు కింద హెల్మెట్ తగిలించే కొక్కెం ఉంటుంది కదా, గడ్డం పట్టీకున్న రింగును దానికి తగిలించి సీటు మూస్తే సరిపోదా? "బ్లేడుతో పట్టీ కోస్తే రెండు క్షణాల పని" అన్నాడు. పట్టీ తెగిన హెల్మెట్ తలకు పనికిరాదు కదా, దొంగ ఎందుకు కోస్తాడని వాదించాను. "దొంగకు తలతో పనేముంది సార్? ఎవరో ఒకరు 200 ఇచ్చి కొంటే చాలు" అన్నాడు. పోనీ అద్దానికి బోర్లిద్దామంటే, లోపలి థర్మోకోల్ లాంటి పొర సొట్టపోతుందట. పడినప్పుడు తలకు తగలాల్సిన దెబ్బను తాను తినేది ఆ పొరేనట. చివరికి అతనే ప్లాస్టిక్ తొడుగున్న ఉక్కు తీగ ఒకటి తెచ్చిచ్చాడు. దాని కొసన నాలుగు అంకెల తాళం. తీగను హెల్మెట్ గడ్డం భాగంలోంచి దూర్చి, జాకెట్టు చేతిలోంచి లోపలికి పంపి మెడలోంచి తీసి, బండి ఛాసిస్ చుట్టూ తిప్పి బిగించాలి. వెనక కూర్చునేవాళ్ళు పట్టుకునే కడ్డీకి మాత్రం వేయొద్దు, అది నాలుగు బోల్టులు విప్పితే ఊడొస్తుందని మరీ మరీ చెప్పాడు.

తాళానికి ఏ అంకె పెట్టాలని ఒక పూటంతా ఆలోచించాను. పుట్టిన సంవత్సరం ఎవరైనా ఊహిస్తారు. అలిపిరి మెట్లు 3550 అని ఈ ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు. అందుకని మంగాపురం అవతల శ్రీవారి మెట్టు మెట్ల లెక్క పెట్టాను: 2388. ఎవరికీ తట్టదు. పైగా నా మోకాళ్ళకు ఆ దారే ఇష్టం.

మే నెలలో ఒక శనివారం గోవిందరాజస్వామి గుడికి వెళ్ళాను. ఆ ఎండలో జాకెట్టు వేసుకోవడమంటే ఇడ్లీ పాత్రలో కూర్చోవడమే. గుడి దగ్గర వీధిలో బండ్లు పళ్ళెంలో మైసూరుపాకు ముక్కల్లా ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. నాది దూర్చాను. రెండు బండ్ల మధ్య ఒంగి, చెమట కళ్ళలోకి కారుతుంటే, మెకానిక్ చెప్పినట్టే హెల్మెట్, చెయ్యి, మెడ, ఛాసిస్ అన్నీ కలిపి బిగించాను. గ్లౌజులు, గార్డులు జాకెట్టు జేబుల్లో కుక్కి జిప్పులు వేశాను. రెండుసార్లు లాగి చూశాను. కదల్లేదు.

లోపల స్వామి తల కింద కుంచం పెట్టుకుని పడుకుని ఉన్నాడు. తమ్ముడు వేంకటేశ్వరుడు పెళ్ళికి కుబేరుడి దగ్గర అప్పు చేస్తే, ఆ వడ్డీ సొమ్ము కొలిచీ కొలిచీ అలిసిపోయిన అన్నగారు కుంచాన్నే దిండుగా పెట్టుకుని నడుము వాల్చారని మా వైపు చెప్పుకుంటారు. ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నాను, ఎప్పుడూ అలసటే కనిపించేది. ఆ రోజు మాత్రం ఆ కుంచం ఎంత భద్రంగా ఉందో కనిపించింది. ఎవరు లాగినా ముందు ఆయనకు మెలకువ వస్తుంది. మోక్షం అడగాల్సిన చోట నిలబడి నేను జాకెట్టు గురించి దణ్ణం పెట్టుకున్నాను.

బయటికి వచ్చేసరికి నా బండి ఉంది. హెల్మెట్ లేదు, జాకెట్టు లేదు, తీగ కూడా లేదు. కోసిన ముక్కైనా కింద పడలేదు. పూలమ్మే ఆమెను అడిగితే, "పక్క బండి కుర్రాడు తీసుకుపోయాడు స్వామీ, తిట్టుకుంటూ పోయాడు" అన్నది. దొంగతనం చేసినవాడు తిట్టుకోవడం ఎందుకో నాకు అర్థం కాలేదు. పనిలో తృప్తి లేదేమో అనుకున్నాను.

పోలీసుల దగ్గరకు వెళ్దామంటే తల మీద హెల్మెట్ లేదు. 2019లో చట్టం సవరించాక దానికి 1,000 రూపాయల జరిమానా. హెల్మెట్ పోయిందని చెప్పడానికి హెల్మెట్ లేకుండా బండి మీద వెళ్ళడం బాగుండదని, ఆ ఎండలో బండిని తోసుకుంటూ వెళ్ళాను. కానిస్టేబుల్ ఓపికగా కాగితం తీశాడు.

"దేనికి తాళం వేశారు స్వామీ?"

"ఛాసిస్‌కు."

"బండి పోయిందా?"

"లేదు, బయటే ఉంది."

"ఛాసిస్?"

నేను జవాబు వెతుక్కుంటూ ఉండగానే బయట ఒక బండి ఆగింది. నా బండి లాంటిదే, నలుపు. దానికీ ముందు నిమ్మకాయా, మిరపకాయలూ. పక్కన నా జాకెట్టు ఒక చెయ్యి నేలకు జారవిడిచి వేలాడుతోంది, దాని మెడ దగ్గర నా హెల్మెట్. ఒక కుర్రాడు తన హెల్మెట్ తీసి లోపలికొచ్చాడు. "సార్, ఎవడో నా బండికి మనిషిని కట్టేసి పోయాడు! లీలామహల్ దాకా వెళ్ళేసరికి వెనక ఆటోవాళ్ళంతా 'ఆపు బాబూ, ఎవరినో ఈడ్చుకుపోతున్నావు' అని అరుస్తున్నారు" అన్నాడు ఏడుపు గొంతుతో.

కానిస్టేబుల్ నా వైపు చూశాడు. నేను గోడ మీద క్యాలెండర్ వైపు చూశాను.

"తెరవండి, అంకె ఎంత?" అన్నాడు. అంతమందిలో పైకి చెప్పడానికి మనసొప్పక, చెవిలో చెబుతానన్నాను. అతను వినిపించుకోకుండా ఒంగి, "2388 చూడనా?" అంటూ చక్రాలు తిప్పాడు. టక్కున ఊడింది. "అలిపిరి లెక్క అందరికీ తెలుసని, తెలివైనవాళ్ళంతా ఇదే పెడతారు స్వామీ" అన్నాడు.

సైలెన్సరుకు తగిలి జాకెట్టు ఎడమ మోచేయి కాలి చిల్లు పడింది. కుర్రాడి ప్యాంటు మీద కూడా నల్లటి మరక. అతనికి రెండు గ్లాసుల చెరకు రసం తాగించాను. పోతూ పోతూ, "పెద్దాయనా, ఈసారి తాళం వేసే ముందు నంబరు ప్లేటు చదవండి" అన్నాడు.

ఇంటికి వచ్చి ముందు గదిలో చాప వేసి, ఎందుకైనా మంచిదని హెల్మెట్ తల కింద పెట్టుకుని పడుకున్నాను. స్వామి ఎలా ఓర్చుకుంటున్నాడో గానీ అయిదు నిమిషాలకే మెడ పట్టేసింది. అయినా వదల్లేదు, నిద్ర పట్టేసింది. మా ఆవిడ తట్టి లేపింది.

"ఏమండీ, వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. బండి తాళంచెవి బండికే వేలాడుతోంది."