ఆ డబ్బాలో ఏముందో చూపించి అమ్మండి

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాది వేడుకలో పచ్చడి పంచే వరస పక్కన "సంతానప్రాప్తికి సహజ మూలికలు" అని ఒక స్టాల్ పెట్టారు, మీలో చాలామంది చూసే ఉంటారు. పెళ్లయి ఆరేళ్లయిన నా స్నేహితురాలిని ఒక పెద్దావిడ చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకెళ్లి, అందరూ వింటుండగా, "ఇది వాడమ్మా, వచ్చే ఉగాదికి ముగ్గురై వస్తారు" అన్నారు. తను నవ్వి డబ్బా తీసుకుంది. భోజనాలకి మాత్రం ఉండలేదు.

పెద్దావిడ మీద నాకు కోపం లేదు. మనవైపు ప్రేమ అలాగే మాట్లాడుతుంది. పెళ్లయిన కొత్తలో మా అమ్మ పంపే పార్సెల్‌లో నువ్వులుండల పక్కన, పిల్లలు పుట్టాలని వాడే శతావరి పొడి పొట్లం ఉండేది. అందులో ఆవిడ బెంగ కనిపించేది నాకు.

డబ్బు తీసుకుని అమ్మే డబ్బా సంగతి వేరు. దాని మీద అశ్వగంధ అని ఉంది, ఎంత మోతాదో లేదు. గర్భిణులు అశ్వగంధ వాడొద్దంటారు డాక్టర్లు. బిడ్డ కోసం చూస్తున్న మనిషికి మొదటి వారాల్లో తను గర్భవతి అని తెలియనే తెలియదు కదా! 1994 నాటి చట్టం ప్రకారం అమెరికాలో ఇలాంటి సప్లిమెంట్లు అమ్మడానికి ముందుగా ఎఫ్‌డీఏ (ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) ఆమోదం అక్కర్లేదు. 2011-12లో న్యూయార్క్ నగరంలో ఆరుగురు గర్భిణుల ఒంట్లో సీసం (లెడ్) అనే విషలోహం చేరిందని తేలింది. ఆరా తీస్తే, వాళ్లు మింగినవి ఇండియాలో తయారైన ఆయుర్వేద మందులు.

మూలికలన్నీ వట్టివని నేననను. పరీక్షిస్తేనే కదా తెలిసేది. ఒక మూలికలు, విటమిన్ల మిశ్రమాన్ని 93 మంది స్త్రీలపై పరీక్షించి 2006లో ఫలితాలు ప్రచురించారు. మూడు నెలల్లో అది వాడినవాళ్లలో 26 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 10 శాతం గర్భం దాల్చారు. ఆశ కలిగించేదే, కానీ చాలా చిన్న పరీక్ష. మగవాళ్లకి జింకు, ఫోలిక్ యాసిడ్ ఇచ్చి 2,370 జంటలతో చేసిన పెద్ద పరీక్షలో, 2020 నాటికి, కాన్పుల్లో తేడా ఏమీ తేలలేదు. అన్నట్టు, లోపం మగవాళ్లలోనూ అంతే తరచుగా ఉంటుంది. ఆ స్టాల్ దగ్గర ఒక్క అబ్బాయినీ ఎవరూ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లలేదే!

కార్యవర్గానికి నా విన్నపం. బతుకమ్మకి స్టాళ్లు ఇచ్చేటప్పుడు ఇలాంటివాటికి ల్యాబ్ రిపోర్టు అడగండి. చూపించలేకపోతే టేబుల్ ఇవ్వకండి. మనలో ఇంతమంది డాక్టర్లున్నారు, ఒకరిని పక్కగదిలో కూర్చోబెట్టండి, అడగాలనుకున్న జంటలు వెళ్లి గుట్టుగా మాట్లాడుకుంటారు. స్టాల్ అద్దె పోతుందని బెంగైతే, ఆ డబ్బు నేను కడతాను.