పంచకల్యాణి సరే, పుట్టుక కాగితం ఏది?

మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని మాళేగావ్ ఖండోబా జాతరలో (మన మల్లన్నే అక్కడ ఖండోబా) గుర్రం ధర నోటితో చెప్పరు. తువ్వాలు కింద చేతులు కలిపి వేళ్లు నొక్కుతారు. పక్కనున్నవాడికి ఏమీ తెలియదు. మా బావ రెండేళ్ల కింద అలాగే బేరమాడి ఒక పంచకల్యాణిని దెగ్లూరుకు తోలుకొచ్చాడు. నాలుగు కాళ్లూ తెలుపు, ముఖాన తెల్లమచ్చ, మెడ మీద మంచి సుడి. వయసు నాలుగేళ్లన్నారు. పశువుల డాక్టరు నోరు తెరిచి చూసి, "పళ్లు ఆకురాయితో అరగదీశారు, తొమ్మిది దాటింది" అన్నాడు. అమ్మినవాడి పేరు కూడా బావకు తెలియదు.

2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో డ్రెసాజ్ (గుర్రం నడకలకు, రౌతు మాట వినే తీరుకు మార్కులు వేసే పోటీ) టీమ్ విభాగంలో మనకు స్వర్ణం వచ్చింది. గుర్రపుస్వారీలో 41 ఏళ్ల తర్వాత వచ్చిన స్వర్ణం. అనుష్ అగర్వల్లా, హృదయ్ ఛేడా, దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా నలుగురూ యూరప్‌లో ఉండి సాధన చేసినవాళ్లే. అప్పట్నుంచి "అక్కడి వార్మ్‌బ్లడ్ గుర్రాలు తెప్పించి ఇక్కడే పెంచితే పోలా" అనే మాట వింటున్నాను. ఐదారు వందల కిలోల గుర్రాన్ని మరాఠ్వాడా మే నెల ఎండలో నిలబెట్టడం సంగతి అలా ఉంచండి, ఆ గుర్రం ఎలా తయారైందో ముందు చూడాలి.

వార్మ్‌బ్లడ్ అంటే ఒంట్లో వేడి అనుకునేరు. బరువులు లాగే నెమ్మది జాతులకు, అరబ్బీ, థరోబ్రెడ్ (పందెపు గుర్రం) లాంటి చురుకు జాతులకు మధ్యస్థం, అంతే. జర్మనీలోని హనోవర్‌నే తీసుకోండి. 1735లో అక్కడి పాలకుడు, ఇంగ్లండ్ రాజు కూడా అయిన రెండో జార్జ్, చెల్లె అనే ఊళ్లో మగ గుర్రాల శాల పెట్టించాడు. ఒకటో రెండో ఆడ గుర్రాలున్న రైతులు వాటిని దాటించుకోవడానికి అది ఏర్పడింది. ఆ గుర్రాలు దున్నాయి, బండ్లు లాగాయి, సైన్యంలోకీ వెళ్లాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ట్రాక్టర్లొచ్చి పనిపోతే, అదే జాతిని స్వారీ గుర్రంగా మలుచుకున్నారు. మన టాంగా గుర్రాలకూ పనిపోయింది. వాటి గతి ఏమైందో ఎవరూ రాసిపెట్టలేదు.

వాళ్లు రాసిపెట్టారు. ఆడ గుర్రాన్ని పరీక్షకులు చుట్టూ తిరిగి చూసి కాళ్లకు, వీపుకు, నడకకు మార్కులు వేస్తారు. రౌతు లేకుండా దూకించి చూస్తారు, రౌతును ఎక్కించి చూస్తారు. మగ గుర్రం తండ్రి ఎంత గొప్పదైనా, తనిఖీలో పోతే దాన్ని దాటించడానికి అనుమతి లేదు. మన పందెపు గుర్రాల వంశాలు రాసే పుస్తకం, పుణెలో ఉన్నది, తల్లీతండ్రీ ఇద్దరూ పుస్తకానికెక్కిన థరోబ్రెడ్‌లైతే తప్ప తలుపు తీయదు. హనోవర్ వాళ్లు మాత్రం పరీక్ష నెగ్గిన థరోబ్రెడ్‌నో అరబ్బీనో లోపలికి రానిస్తారు. పోటీల ఫలితాలూ తిరిగి పుస్తకంలోకే చేరతాయి. ఇలా గుర్రాల వంశ పుస్తకాలు నడిపే సంఘాలకు 1994లో ఏర్పడిన ప్రపంచ సమాఖ్య, ఏ సంఘం గుర్రాలు ఎన్ని గెలిచాయో చూసి సంఘాలకే ర్యాంకులిస్తుంది. మనదగ్గర ప్రచారమంటే గుర్రానికి దండ వేసి రీల్ తీయడం. హనోవర్ గుర్రాలను అమ్మే వెర్డెన్ వేలంలో కొనేవాడి చేతిలో వంశం వివరాలన్నీ ఉంటాయి.

ఇంకో చిక్కుంది. మాళేగావ్‌లో రవాల్ నడకకు (కుదుపు లేకుండా వేగంగా సాగే నడక) ఎక్కువ పలుకుతుంది. రౌతు చేతిలో చాయ్ గ్లాసు తొణకదు, చూడముచ్చటే. డ్రెసాజ్ జడ్జీలకు కావాల్సింది వాక్, ట్రాట్, క్యాంటర్ అనే మూడు నడకలు. రవాల్‌కు అక్కడ మార్కులు లేవు. సుడులకైతే అసలే లేవు. కాబట్టి వాళ్ల మార్కుల పట్టీ మనకు పనికిరాదు, పట్టీ రాసే పద్ధతి పనికొస్తుంది.

మహారాష్ట్రలో గొర్రెల కాపరులైన ధన్‌గర్లు పెంచే భీమ్‌థడీ పొట్టి గుర్రానికి ఇటీవలే కర్నాల్‌లోని పశు జన్యు వనరుల జాతీయ బ్యూరో జాతి గుర్తింపు ఇచ్చింది. మంచిదే. జాతికి పేరొచ్చినంత మాత్రాన రేపు సంతకొచ్చే గుర్రం వయసు తేలదు. మాళేగావ్‌లో నేను చూసిన ఒక్క గుర్రం వెంటా కాగితం లేదు. జిల్లా పరిషత్ ఎలాగూ పశు ప్రదర్శన పెట్టి బహుమతులిస్తోంది. బహుమతి కావాలంటే మెడలో 15 అంకెల చిప్, తల్లీతండ్రీ పేర్లు, డాక్టరు రాసిన వయసు ఉండాలని ఒక షరతు పెడితే చాలు. వ్యాపారులు గొణుగుతారు. గొణగనీ.

బావ ఆ గుర్రాన్ని పెళ్లి ఊరేగింపులకు తిప్పుతున్నాడు. వచ్చే మార్గశిరంలో మళ్లీ మాళేగావ్‌కే తోలుకుపోతాడట. వయసెంతని చెబుతావు బావా అంటే, "కొన్నప్పుడు నాలుగేళ్లన్నరు గదా, ఇప్పుడు ఆరు" అన్నాడు.