వల బిగించే మనిషి

సంక్రాంతికి హైదరాబాదు సగం ఊళ్లకు పోతుంది, మిగిలిన సగం మేడలెక్కుతుంది. గాలిపటాల వాళ్లకూ తెగిన దారాలు ఏరుకునే పిల్లలకూ మధ్య ఎగిరే పావురాల గోడు ఎవరికీ పట్టదు. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది. ఆ సంగతి మా వీధి చెట్లకు ఇంకా తెలిసినట్టు లేదు, పండుగ వెళ్లాక చూస్తే కొమ్మకొమ్మకూ అదే వేలాడుతుంది.

అలాంటి దారం రెక్కకు చుట్టుకుని కనుమ నాడు ఒక పావురం మా బాల్కనీలో పడింది. మరునాడే ఆ బాల్కనీకి పావురాల వల బిగించడానికి మనిషి రావలసి ఉంది. అడ్వాన్సు కూడా ఇచ్చాం. ఆరేసిన బట్టలు, తులసికోట, ఏసీ బయటి పెట్టె, దేన్నీ వదలని ఆ జాతితో మా ఆవిడది పాత వైరం. రెట్టల ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదని డాక్టరు కూడా అన్నాక ఆ వైరానికి శాస్త్రబలం వచ్చింది. అటువంటి మనిషి ఆ గాయపడ్డ శత్రువును నా కొత్త తువ్వాలులో చుట్టి హాల్లోకి తెచ్చింది. "పాపం" అంది. మా ఇంట్లో ఆ మాట మీద అప్పీలు లేదు.

పశువుల ఆసుపత్రికి పండుగ సెలవు. సలహాలకు సెలవు లేదు. పై ఫ్లాటు ఆయన పాలలో నానబెట్టిన బ్రెడ్డు పెట్టమన్నాడు. పండుగకు వచ్చిన మా అత్తగారు ఒక చేత్తో పసుపు డబ్బా, ఇంకో చేత్తో ఫోను పట్టుకున్నారు. పసుపు గాయానికి, ఫోను పురోహితుడికి. ఇంట్లోకి పావురం చొరబడితే శాంతి చేయించాలట. చొరబడలేదు, మనమే తెచ్చుకున్నామని నేను సాంకేతిక అభ్యంతరం లేవదీశాను. ఆహ్వానించి తెచ్చుకున్న పావురానికి ఏ శాంతి చేయాలో అవతల పురోహితుడికీ వెంటనే తోచలేదు. పుస్తకం చూసి చెబుతానన్నారు.

మామగారు తపాలా శాఖలో రిటైరయ్యారు. ఆయన దాన్ని సహోద్యోగిగా చూశారు. 1946లో ఒడిశా పోలీసులు పావురాల దళం పెట్టుకున్నారనీ, 1948లో నెహ్రూ గారు సంబల్‌పూర్ నుంచి కటక్‌కు పంపిన సందేశాన్ని ఒక పావురమే చేరవేసిందనీ అట్టపెట్టె ముందు కుర్చీ వేసుకుని చెప్పడం మొదలుపెట్టారు. చెబుతున్నది మాకో, దానికో తెలియలేదు. మా రోగి మాత్రం నారింజ రంగు కన్ను ఒకటి ఆయన మీద వేసి, తన శాఖ అభిప్రాయాన్ని ఆయన చదువుతున్న పేపరు మీద నమోదు చేసింది.

మరునాడు వల మనిషి వచ్చాడు. భుజాన వల చుట్ట, చేతిలో డ్రిల్లు. లోపల ఏదో గురగురమనడం విని గడప దగ్గరే ఆగాడు.

"జంగ్లీ పావురమా సార్?"

ఆ గొంతులో ఉన్న ఆప్యాయత నాకు అర్థం కాలేదు. డ్రిల్లు కింద పెట్టి, పావురాన్ని ఒక్క చేత్తో ఎత్తాడు. కాళ్లు రెండు వేళ్ల మధ్య, రెక్కల కొసలు బొటనవేలి కింద. మా నలుగురినీ ముప్పుతిప్పలు పెట్టిన పక్షి ఆ చేతిలో కిక్కురుమనలేదు. ఈకల్లోకి ఊదుతూ తోలు చూశాడు. రెక్క కీలు దగ్గర మాకు కనిపించని మాంజా ఇంకా ఉంది. వల కోసే చిన్న కత్తెరతోనే దాన్ని ఒక్కో పోగూ కోసి తీశాడు. ఎముక విరగలేదన్నాడు. పాలు, బ్రెడ్డు చూసి నొచ్చుకున్నాడు. "జొన్నలు, సజ్జలు వేయండమ్మా. నీళ్లు కొంచెం లోతున్న గిన్నెలో పెట్టండి. ఇది కోడిలా చుక్క మింగి తల ఎత్తదు, ముక్కు ముంచి పీల్చుకుంటుంది." పెట్టగానే అది చాలాసేపు తాగింది. ఇంక్‌ఫిల్లరుతో తాగించబోయిన మా అత్తగారు ముఖం తిప్పుకున్నారు.

ఆరా తీస్తే తేలిందేమిటంటే, పాతబస్తీలో అతని మేడ మీద నలభై పావురాలున్నాయి. పగలంతా పావురాలను అడ్డుకుని సంపాదించింది సాయంత్రానికి పావురాలకే జొన్నలుగా పోస్తాడు. ఇందులో అతనికి ఏ వైరుధ్యమూ కనిపించలేదు. కాసేపు ఆలోచిస్తే నాకూ కనిపించలేదు.

వల బిగించాడు, ఒక మూల తప్ప. రోగి కోలుకుని వెళ్లాక వచ్చి ఆ మూల కుడతానన్నాడు. ఈలోగా వల బయట ఏసీ పెట్టె మీద ఇంకో పావురం చేరి లోపలికి తొంగిచూడసాగింది. మా ఆవిడ దానికీ గింజలు వేసింది. పావురాలు రాకూడదని డబ్బు పోసి కట్టించిన వల ముందు రోజూ రెండు పూటలా అన్నదానం జరిగింది.

రెక్క కూడుకుంది. ఒక ఉదయం ఆ మూలలోంచి అది చక్కగా ఎగిరిపోయింది. మామగారు లేచి నిలబడ్డారు. వల మనిషికి ఫోను చేస్తే ఇదిగో అదిగో అంటూ మాఘం గడిపి వచ్చాడు. కుట్టబోతూ ఏసీ పెట్టె వెనక్కి చూసి నన్ను పిలిచాడు. నాలుగు పుల్లలు, పోయినసారి అతనే వదిలేసి వెళ్లిన వల తాడు ముక్కలు, వాటి మీద రెండు గుడ్లు. పొదుగుతున్నది మన రోగే.

"ఇది మగది సార్. పగలు ఇది కూర్చుంటుంది, రాత్రి ఆడది. డ్యూటీలు పంచుకుంటాయి."

మా ఆవిడ నా వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను.

"గుడ్లు 18 రోజులు, పిల్లలు ఎగరడానికి ఇంకో నెల. అప్పటిదాకా ఈ మూల ముట్టుకోను" అని సామాన్లు సర్దుకున్నాడు. "మిగతా డబ్బు ఇప్పించండి సార్."

"పని పూర్తి కాలేదు కదయ్యా!"

"నా పని అయిపోయింది సార్. మిగిలింది వాటి పనే."

మా ఆవిడ అప్పటికే నా పర్సు తెరిచింది.