కండువా అయిదేళ్లు, కిస్తీ ఏడేళ్లు

చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ పెట్టేవారు మొదట తేల్చుకోవాల్సింది బ్లాకు, అంటే క్వారీలో తీసిన పెద్ద బండ, ఎక్కడి నుంచి వస్తుందన్నది. ఇక్కడి నల్ల గ్రానైట్ గెలాక్సీ రాయికి గిరాకీ ఉంది కదా అని షెడ్డు వేసి మిషన్లు బిగిస్తే సరిపోదు. బండ రాని రోజు కూడా జీతాలు, కరెంటు ఫిక్స్‌డ్ చార్జీ, బ్యాంకు కిస్తీ ఆగవు. పార్టీలో తిరిగే కొత్త యజమానులు తప్పటడుగు వేసేది ఇక్కడే. క్వారీ మనవాళ్లదే, బ్లాకులు అరువిస్తామన్నారు అన్న ధీమాతో, ఇద్దరితో కాగితం రాసుకోవాల్సిన చోట ఒక్కరితో నోటిమాటతో సరిపెడతారు. ఒక మిషను చాలే చోట రెండింటికి లోను పెడతారు.

టర్మ్ లోను తరచూ ఏడేళ్ల దాకా సాగుతుంది. రాష్ట్రంలో 2019లోనూ, 2024లోనూ అధికారంలో ఉన్న పార్టీ ఓడింది. ప్రభుత్వం మారాక మనవాళ్ల క్వారీలో తనిఖీలు మొదలై పర్మిట్లు నిలిచిపోతే, కింద ఉన్న యూనిట్‌కు ఆ నెల నుంచే బండ ఉండదు.

పలుకుబడి పనికిరాదని ఈ పత్రిక అనదు. ఫైలు ఎవరి టేబుల్ మీద ఆగిందో ఒక్క ఫోన్‌తో తెలుస్తుంది. అదే ఫోన్‌కు సిఫార్సులూ వస్తాయి: ఫలానా కుర్రాణ్ణి లెక్కలకు పెట్టుకో, లారీలు మావాళ్లవే తిప్పు. ఆ కుర్రాడు పనిమంతుడే కావచ్చు. కాకపోతే మాత్రం తీసేసే వీలుండదు.

నెల్లూరు రొయ్యల చెరువుల దగ్గర మేత డీలరుకు ఎదురయ్యేది మరో తంటా. వనామీ రకం రొయ్య పంట నాలుగు నెలలు. అన్నాళ్లూ మేత అరువే. తెల్లమచ్చ తెగులు తగిలితే వారం పది రోజుల్లో చెరువు ఖాళీ. మండల నాయకుడైన డీలరు కార్యకర్తకు అరువు కాదనలేరు, ఓట్ల ముందు బాకీ అడగనూ లేరు. ఎకరాకు ఎంత అరువో చెరువులో రొయ్యపిల్ల వదలకముందే రాసిపెట్టుకుని, ఆ హద్దు దాటితే భాగస్వామి సంతకం కూడా కావాలన్న నియమం పెట్టుకోవాలి.

సర్కారుకు సరుకు అమ్మే చిన్న తయారీదారులకు 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం అండగా ఉంది. ఒప్పందం ఎలా రాసుకున్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. మొదటి బిల్లుకు ముందే ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే ఇలాంటి సంస్థగా కేంద్రం దగ్గర నమోదు, చేయించుకోవడం మేలు. అయితే మన ప్రభుత్వం మీద మనమే ఫిర్యాదా అని కండువా వేసుకున్నవారే వెనకాడతారు. బిల్లు పాతబడుతుంది, ప్రభుత్వం మారుతుంది.

ఇక పార్టీ ఫండు. మూడు ఆర్థిక సంవత్సరాలు నిండని కంపెనీ రాజకీయ విరాళం ఇవ్వకూడదని కంపెనీల చట్టం 182వ సెక్షన్ చెబుతోంది. ఉల్లంఘిస్తే ఇచ్చినదానికి అయిదు రెట్ల దాకా జరిమానా, బాధ్యులకు ఆరు నెలల దాకా జైలు. చందా పుస్తకంతో వచ్చినవారికి కాదని చెప్పడానికి కొత్త కంపెనీ చేతిలో ఇంతకంటే మర్యాదైన సాకు లేదు.